మిగతా మేక ఎక్కడ?

పిల్లల బొమ్మల పుస్తకానికి ముప్పై రెండు పేజీలు. ఎప్పుడైనా నలభై ఉంటాయి గాని, చాలావరకు ముప్పై రెండే. పెద్ద కాగితం మీద అచ్చేసి మడతలు పెడితే ఎనిమిదీ, పదహారూ, ముప్పై రెండూ అలాగే వస్తాయి. కథ పొడుగైందని ముప్పై మూడో పేజీ ఎవరూ ఇవ్వరు. ఈ సంగతి నాకు ఎవరూ నేర్పలేదు. లైబ్రరీలో నేల మీద కూర్చుని నలభై పుస్తకాల పేజీలు లెక్కపెట్టి నేనే కనుక్కున్నాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. దాచుకోవాల్సిన పనేమీ లేదు.

న్యూజెర్సీలో ఉంటూ ముప్పై ఏళ్లు ఈ పని చేశాను. రాతా నాదే, బొమ్మలూ నావే. ఏ కాలేజీలోనూ బొమ్మలు నేర్చుకోలేదు. ఏడాదిగా కుడిచేతి బొటనవేలు బ్రష్ పట్టనివ్వడం లేదు కనక మానేశాను. నేను మానేశానని తెలియగానే మా వీధి చివరింట్లో ఉండే స్నేహ వచ్చింది. పగలంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తీరిక దొరికితే ఐప్యాడ్ మీద బొమ్మలు.

"ఆంటీ, ఇప్పుడు మీరు ఫ్రీయే కదా, నా బుక్ చూస్తారా? బట్ ఆనెస్ట్‌గా చెప్పాలి."

"నిజం చెప్తే ఏడవకూడదు మరి."

"ఏడిస్తే ఒక కాఫీ ఇచ్చేయండి, సరిపోతుంది."

చూపించింది. మంచు కురిసిన పొద్దున, వీధిలో మంచు తోసే బండి కోసం ఒక పిల్ల ఎదురుచూడడం కథ. ప్రతి పేజీ చుట్టూ సన్నటి ఎర్ర గీత ఉంది. తెలిసే అడిగాను, అదేమిటమ్మా అని.

"ట్రిమ్ లైన్ ఆంటీ. అచ్చయ్యాక దాని బయటిది కట్ చేసేస్తారు. నేనేం పట్టించుకోను, యాప్ చూసుకుంటుంది."

ఆ అమ్మాయి పట్టించుకోని ఆ గీత దగ్గరే నా మొదటి పుస్తకంలో బొమ్మలు వేసే పని నా చేతుల్లోంచి జారిపోబోయింది. ఈ వృత్తిలోకి వచ్చే స్నేహలాంటి వాళ్ల కోసం ఆ సంగతే రాస్తున్నాను. కాంట్రాక్టులూ, బహుమతులూ ఎలాగైనా తెలుస్తాయి. ఇది మాత్రం ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.

చాప మీద కూర్చున్న వాళ్లు

ఏలూరులో ఇంటర్మీడియెట్ బైపీసీతో నా చదువు ఆగింది. బొమ్మలంటే నాకు తెలిసినవి రికార్డు బొమ్మలు. బొద్దింక జీర్ణవ్యవస్థ, మందార పువ్వు నిలువుకోత. మా క్లాసులో సగంమంది రికార్డులు నా చేతిమీదుగా వెళ్లేవి. ఆ బొమ్మలకో ధర్మం ఉంది. ప్రాణి మొత్తం కనబడాలి, పేజీ నిండా ఉండాలి, ఒక్క కాలు తగ్గినా మార్కు పోతుంది. ఈ ధర్మాన్ని గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. అప్పట్లో నాకు డ్రైవింగ్ రాదు. నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్నది లైబ్రరీ ఒక్కటే. మా లలితకు నాలుగేళ్లు. మంగళవారం పొద్దున అక్కడ పిల్లలకు కథ చదివేవారు. చదివేది డోరతి, పిల్లల విభాగం లైబ్రేరియన్. పొడుగాటి మనిషి, మోకాళ్లు నొప్పులైనా చిన్న స్టూలు మీదే కూర్చునేది. పిల్లలు చాప మీద, తల్లులు వెనక కుర్చీల్లో. తల్లులు మ్యాగజైన్లు తిరగేసేవాళ్లు. నేను పిల్లల్ని చూసేదాన్ని.

అలా చూసి తెలుసుకున్నదే నా వృత్తికి పునాది. పెద్దవాళ్లు మాటలు చదువుతారు, పిల్లలు బొమ్మలు చదువుతారు. డోరతి నోట్లో "ఎర్ర ఇల్లు" అనే మాట పూర్తికాకముందే వాళ్లు ఆ ఇంటి కిటికీలో పిల్లిని కనిపెట్టేస్తారు. బొమ్మలో కనిపిస్తున్నదాన్నే మాట మళ్లీ చెబితే వాళ్ల చూపు పేజీ దిగిపోతుంది. ఏ పేజీలో ఎంతమంది చూపు దిగిందో నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

ఒకరోజు డోరతి నా పక్కకొచ్చి నిలబడింది.

"అందరూ పుస్తకాన్ని చూస్తారు, నువ్వు పిల్లల్ని చూస్తావు. ఏమిటి రాస్తున్నావు?"

"ఎక్కడ బోర్ కొట్టిందో రాస్తున్నాను."

"నేను చదివినప్పుడా?"

"పదకొండో పేజీలో. తప్పు మీది కాదు, పుస్తకానిది."

ఆవిడ ఆ నోటుబుక్కు తీసుకుని పది నిమిషాలు చదివింది. తర్వాత నన్ను 741 నంబరు అరల దగ్గరికి తీసుకెళ్లింది. బొమ్మలు వేయడం గురించిన పుస్తకాలన్నీ ఆ నంబరు కిందే ఉంటాయి. రెండేళ్లలో ఆ అర మొత్తం చదివాను. నచ్చిన బొమ్మల పుస్తకాల్లోని మాటలు వరుసగా తెల్లకాగితం మీద ఎత్తిరాసి, కథ ఎంత చిన్నదో కళ్లతో చూసుకున్నాను. కోర్సులో చేరకముందు రెండువందల పుస్తకాలు ఇలా విప్పి చూడమని ఇప్పటికీ అందరికీ చెబుతాను. ఒక్కరు కూడా వినరు.

టాలరెన్స్ ఎంత?

నా మొదటి కథ మేక కథ. చిట్టి అనే పిల్ల బడికి బయల్దేరితే ఒక మేక వెంటపడుతుంది. దారిలో గొడుగు తింటుంది, అన్నం క్యారియర్ మీది గుడ్డ తింటుంది, చివరికి క్లాసులోకి వచ్చి టీచరుగారి హాజరు పట్టీ తినేస్తుంది. పట్టీ లేదు కనక ఆ రోజు ఎవరూ ఆబ్సెంటు కారు. అంతే కథ.

ఒక ఆదివారం మిత్రుల ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతి బయటపడింది. అక్కడ ఒక పెద్ద డాక్టరుగారు ఎంతో ప్రేమగా అడిగారు.

"బాగుందమ్మా. ఇంతకీ ఇందులో నీతి ఏమిటి?"

నేను తడుముకుంటుంటే మావారు అందుకున్నారు. "మేకకు అటెండెన్స్ అక్కర్లేదండి."

ఏడుగురు ప్రచురణకర్తలు కథను తిప్పి పంపారు. ఎనిమిదో చోటు న్యూయార్క్‌లో ఒక చిన్న సంస్థ. అక్కడ కథలు ఎంచేదీ, బొమ్మలు చూసేదీ ఒక్కరే. ఆవిడ పేరు రూత్. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు. మెచ్చుకోవడం చేతకాని మనిషి, నచ్చని చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేసేది. నేను చూసిన పై అధికారుల్లో నిజమైన గురువు ఆవిడే. ఫోన్ చేసి, "మాటలు సగం తీసేయాలి. బొమ్మలు నువ్వే వేస్తావా?" అంది. ఆవిడ ప్రశ్న పూర్తికాకముందే వేస్తానన్నాను.

"మా పుస్తకాల సైజే. కొలతల కాగితం పంపనా?"

"అక్కర్లేదు, నాకు తెలుసు."

నా వృత్తి జీవితంలో అన్నిటికంటే ఖరీదైన మాట అదే. నిజానికి తెలుసనే అనుకున్నాను. ఆ సంస్థ పుస్తకాలు మా లైబ్రరీలో ఐదు ఉన్నాయి. ఐదూ ఇంటికి తెచ్చాను. మావారు నీటి పంపులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆయన స్టీలు స్కేలు తీసుకుని అంగుళంలో పదహారో వంతు దాకా కొలిచాను. ఐదింటికీ సగటు కట్టాను. ఆయన వెనకనుంచి చూస్తున్నారు.

"బాగా కొలిచావు. టాలరెన్స్ ఎంత?"

"అంటే?"

"తయారయ్యేటప్పుడు కాస్త అటూ ఇటూ అవుతుందిగా. ఎంతవరకు పరవాలేదు?"

"అది పుస్తకమండీ. మీ పంపు కాదు."

"సరేలే తల్లీ," అని టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయారు.

ఆ కొలత మీద పద్నాలుగు నెలలు పనిచేశాను. జంట పేజీకి ఒక్క బొమ్మ చొప్పున పద్నాలుగు బొమ్మలు. మేక వెంట్రుక వెంట్రుకా వేశాను. కొమ్ము కొస నుంచి తోక కొస దాకా, ఈ అంచు నుంచి ఆ అంచుకు సరిగ్గా సరిపోయేట్టు. చిట్టి కాలివేళ్లు కింది అంచును ఆనుకుని పదీ ఉంటాయి. మా జువాలజీ మేడమ్ చూస్తే పదికి పది వేసేవారు.

నల్ల అట్ట చట్రం

బొమ్మలన్నీ పెద్ద అట్టల మధ్య పెట్టి, మెట్రోపార్క్‌లో రైలెక్కి రూత్ ఆఫీసుకు వెళ్లాను. ఆవిడ మొదటి బొమ్మను బల్ల మీద పరిచి, సొరుగులోంచి నల్ల అట్టతో చేసిన చట్రం ఒకటి తీసి బొమ్మ మీద పెట్టింది. చిట్టి కాలివేళ్లు మాయమయ్యాయి. రెండో బొమ్మ మీద పెట్టింది. మేక కొమ్ములు పోయాయి. క్లాసు బొమ్మ మీద, రెండు పేజీలు కలిసే మడత దగ్గర పెన్సిలు నిలువుగా ఆనించింది. టీచరుగారి ముఖం సరిగ్గా పెన్సిలు కింద ఉంది.

"ఈ కొలత ఎవరిచ్చారు?"

"నేనే కొలిచాను. మీ పుస్తకాలే, ఐదు."

"ఎక్కడివి?"

"లైబ్రరీవి."

ఆవిడ కళ్లు మూసుకుంది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. నవ్వాపుకుంటోందని చాలా ఏళ్లకు తెలిసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. అచ్చు కాగితం పుస్తకం కంటే పెద్దది. అచ్చయ్యాక కట్టలు కట్టి అంచులు కత్తితో కోస్తారు. కోత కాస్త అటూ ఇటూ జరుగుతుంది కనక, కోతకు పోయే అంచులోకి కూడా బొమ్మను సాగదీసి వేయాలి, ముఖ్యమైనదేదీ అక్కడ ఉండకూడదు. పైగా లైబ్రరీ పుస్తకాలు మళ్లీ బైండు చేసినవి, అసలు పుస్తకం కంటే చిన్నవి.

"పెద్దవి చేసి అచ్చు వేయలేమా?"

"పెద్దవి చేస్తే అంచులు పోతాయి. నీ మేకంతా అంచుల్లోనే ఉంది."

బల్ల మీద కాగితాలు సర్దుతూ నేను భయపడుతున్న మాట కూడా అనేసింది. "ప్రెస్సు తేదీ మారదు. పది వారాలుంది. కథ బాగుంది, కథ నీ పేరుతోనే వస్తుంది. బొమ్మలకు నా దగ్గర ఒకాయన ఉన్నాడు. చెయ్యి త్వరగా కదులుతుంది."

ఈ వృత్తిలో అది అవమానం కాదని కొత్తవాళ్లు తెలుసుకోవాలి. చాలా పుస్తకాలకు రాసేవాళ్లు వేరు, వేసేవాళ్లు వేరు. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పుస్తకం వచ్చేస్తుంది. కానీ నా సంగతి వేరు. ఆ పుస్తకంలో మాటలు మూడువందలు. అందులో నేనెంత ఉన్నాను? మిగతాదంతా మేకే. ఆ మేక చెవి ఏ పక్కకు వాలుతుందో, దొంగతనం చేసే ముందు ఎటు చూస్తుందో ఆ ఒకాయనకు ఏం తెలుసు? మేక ఆయన చేతికి వెళ్తే నేను ఇంకో పుస్తకం రాయగలనేమో గాని, బొమ్మలు మాత్రం ఇంకెప్పుడూ వేయనని అక్కడ నిలబడే నాకు తెలిసిపోయింది.

"రెండు వారాలివ్వండి. మూడు బొమ్మలు తెస్తాను."

రూత్ చెవి మీద పెన్సిలు సర్దుకుంది. "మూడూ బాగుండాలి. రెండు బాగుంటే చాలదు."

సాయంత్రం స్టేషన్‌కు మావారు కారు తెచ్చారు.

"ఏమన్నారు?"

"టాలరెన్స్ ఉందిట."

ఆయన కారు తీశారు. ఓక్ ట్రీ రోడ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగారు. "ఇప్పుడు నవ్వొచ్చా?"

"ఇంటికెళ్లాక నవ్వండి."

ఇంటికెళ్లాక నవ్వలేదు. కొత్త కాగితాలు సరైన కొలతకు కోసి, నాలుగు వైపులా పెన్సిలుతో గీతలు గీసి పెట్టారు.

రెండు కాపీలు, ఒక కుక్క

మొదటి వారం వృథా చేశాను. పాత బొమ్మలనే కొత్త కాగితం మీదికి దించాను, అన్నిటినీ కాస్త లోపలికి జరిపి. కొమ్ములు దక్కాయి, వేళ్లు దక్కాయి, బొమ్మ చచ్చిపోయింది. మేక కసాయి కొట్టు ముందు కట్టేసినట్టు పేజీ మధ్యలో బిక్కుబిక్కుమంటూ నిలబడింది. తప్పును జరిపితే తప్పు పోదు. ఈ మాట ఎన్నో ఏళ్లుగా కొత్తవాళ్లకు చెబుతున్నాను. నాకు మాత్రం అప్పుడు చెప్పేవాళ్లు లేరు.

ఎనిమిదో రోజు లలితను తీసుకుని లైబ్రరీకి వెళ్లాను. నిజం చెప్పాలంటే పోట్లాడడానికే వెళ్లాను. జరిగిందంతా డోరతికి చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి ఒకే పుస్తకం రెండు కాపీలు తెచ్చింది. ఒకటి ఆ వారమే వచ్చిన కొత్తది, ఇంకొకటి ఏళ్లుగా అరలో ఉన్నది. రెండూ పక్కపక్కన బల్ల మీద పెట్టింది. పాతది వెడల్పులో అర అంగుళం దాకా తగ్గి ఉంది.

"పాత కుట్టు కోసేసి, పక్కనుంచి మళ్లీ గట్టిగా కుడతారు. కుట్టు లోపలి అంచు తింటుంది. తర్వాత బయటి అంచులు సాపు చేస్తారు, అక్కడ ఇంకాస్త తింటుంది."

"కొలతకని ఐదు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్తుంటే చూస్తూ ఊరుకున్నారే!"

"పాప స్కూల్ ప్రాజెక్ట్ అనుకున్నాను."

"మరి ఈ కొత్తదాన్ని బైండింగ్‌కి ఎందుకు పంపరు?"

డోరతి నన్ను వింతగా చూసింది. "పిల్లలు చదివి చదివి విరగ్గొట్టినవే పంపుతాం. ఎవరూ తీయని పుస్తకానికి బైండింగ్ దేనికి? అది ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది."

ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు. నా చూపంతా ఆ రెండు కాపీల మీదే ఉంది. రెండూ ఒకే పేజీ దగ్గర తెరిచి ఉన్నాయి. బొమ్మలో రోడ్డు, రోడ్డు మీద కుక్క. కొత్త కాపీలో కుక్క తోకతో సహా పూర్తిగా ఉంది. పాత కాపీలో బైండింగ్ కత్తికి కుక్క వెనక సగం పోయింది.

ఏడేళ్ల లలిత బల్ల మీద గడ్డం ఆనించి చూసింది. ఒకదాని మీద వేలు పెట్టి, "అమ్మా, ఈ డాగ్ ఊరికే ఉంది," అంది. ఇంకోదాని మీద వేలు పెట్టి, "ఈ డాగ్ వస్తోంది," అంది.

వస్తోందన్నది సగం కుక్క.

అక్కడే కూర్చుండిపోయాను. ఇంటర్మీడియెట్ నుంచి నేను మోస్తున్న ధర్మం అది, ప్రాణి మొత్తం కనబడాలని. రికార్డులో బొద్దింక ఎక్కడికీ పోదు కనక మొత్తం కనబడాలి. కథలో మేక వస్తుంది, పోతుంది. పేజీ అంచును నేను గోడనుకుని దాని లోపల మేకను ఇరికించాను. అది గుమ్మం.

నాకు తప్పుడు కొలత ఇచ్చింది లైబ్రరీయే. ఆ తప్పులోంచి బయటపడే దారి చూపించిందీ లైబ్రరీయే. ఈ రెండూ చెప్పకపోతే నా చదువు గురించి సగమే చెప్పినట్టు.

పేజీ తిప్పండి

మిగిలిన ఆరు రోజుల్లో మూడు బొమ్మలు వేశాను. మొదటి దాంట్లో చిట్టి జడ వేయించుకుంటోంది, కుడి అంచున ఒక తడి ముక్కు మాత్రం ఉంది. రెండో దాంట్లో చిట్టి గొడుగు పట్టుకుని నడుస్తోంది, పై అంచులోంచి ఒక కొమ్మూ, ఒక కన్నూ, ఆ కన్ను గొడుగు మీద. మూడో దాంట్లో చిట్టి చేతిలో గొడుగు కర్ర ఉంది, గొడుగు లేదు, ఎడమ అంచున వెళ్లిపోతున్న తోక ఉంది. మాటలు మళ్లీ కొట్టేశాను. గొడుగు మేక తినేసిందని చెప్పనే లేదు.

రూత్ మొదటి బొమ్మ మీద నల్ల చట్రం పెట్టింది. ఏమీ పోలేదు. పోయేది పోవడానికే వేసి ఉంది. రెండోది చూసింది. తలెత్తకుండా అడిగింది.

"మిగతా మేక ఎక్కడ?"

"పేజీ తిప్పండి."

మూడోది చూసింది. మళ్లీ రెండోదానికి వెళ్లింది, మళ్లీ మూడోదానికి వచ్చింది. ముసలి పిల్లలా వెనక్కీ ముందుకూ తిప్పింది. ఫోన్ తీసి ఎవరితోనో, "ఆయనకు చెప్పు, అవసరం లేదని," అంది. నావైపు తిరిగి, "ఇంకా పదకొండు. ఎనిమిది వారాలు. కూర్చున్నావేం?" అంది.

ఆ ఎనిమిది వారాలూ మా ఇంట్లో మావారి వంట. ఆయనకు వచ్చింది పప్పుచారు ఒక్కటే. లలిత చిట్టిలా నిలబడి నిలబడి, "ఐయామ్ డన్ విత్ గోట్స్, అమ్మా," అని సమ్మె చేసింది. టీచరుగారి ముఖాన్ని మడతలోంచి తప్పించి బోర్డు దగ్గరికి పంపాను. మేక మొత్తంగా, తోకతో కొమ్ములతో నాలుగు కాళ్లతో, పుస్తకంలో ఒకే ఒక్కసారి కనబడుతుంది. చివరి పేజీలో, క్లాసులో, చిట్టి పక్కన కూర్చుని. చివరి బొమ్మ చెప్పిన రోజుకే రూత్ బల్ల మీద పెట్టాను.

బొమ్మలు వేసినదిగా నా పేరు మొదటిసారి అచ్చయింది. దాని వెనక ఇరవై దాకా పుస్తకాలు వచ్చాయి.

కొత్తగా మిగిలిపోయినది

అన్నీ మంచివి కావు. ఒకదాని గురించి చెప్పాలి. మేక పుస్తకానికి పేరొచ్చాక మన తెలుగు సంఘం పెద్దలు కొందరు అడిగారు. ఇక్కడ పెరిగే పిల్లలకు క్రమశిక్షణ నేర్పే పుస్తకం కావాలన్నారు. నాకూ పెద్దరికం వచ్చిందనిపించింది. వేశాను. అందులో ఒక బుద్ధిమంతుడు పొద్దున్నే లేస్తాడు, పాలు తాగుతాడు, పెద్దల మాట వింటాడు. బొమ్మలు నా చేతి పనిలో బాగా కుదిరినవే. తల్లిదండ్రులు మెచ్చుకున్నారు, డాక్టరుగారు ఫోన్ చేసి మరీ అభినందించారు.

డోరతి దాన్ని ఒక మంగళవారం చాప దగ్గర చదివింది. నేను వెనక కుర్చీలో నోటుబుక్కుతో కూర్చున్నాను. నాలుగో పేజీకి ఒకడు బూట్ల వెల్క్రో పట్టీని చర్రుమని ఊడదీసి మళ్లీ అంటించడం మొదలుపెట్టాడు. ఆరో పేజీకి ఆ చప్పుడు చాప అంతా పాకింది.

"ఏ పేజీలో?" అని డోరతి తర్వాత అడిగింది.

"మొదటి పేజీలోనే. బూట్లు విప్పడానికి వాళ్లకు నాలుగో పేజీ దాకా పట్టింది."

పిల్లలకు నీతి చెప్పొద్దని నేననను. బొమ్మల పుస్తకంలో నీతి చెప్పాలనుకునేవాళ్లు ముందుగా ఒకసారి చాప వెనక కుర్చీలో కూర్చుని చూడాలి. అంతకు మించిన పరీక్ష ఈ వృత్తిలో లేదు. పత్రికల్లో వచ్చే మాటలూ, స్నేహితుల పొగడ్తలూ ఆ వెల్క్రో చప్పుడు ముందు నిలవవు.

అరలో దొరికింది

పోయిన నెల స్నేహను లైబ్రరీకి తీసుకెళ్లాను. డోరతి రిటైరై చాలా కాలమైంది. చాప మారింది, స్టూలు మాత్రం అదే. నీ బండి పేజీ మధ్యలో కసాయి కొట్టు మేకలా నిలబడిందని స్నేహకు అంతకుముందే చెప్పాను. ఏడవలేదు గాని, కాఫీ మాత్రం అడిగింది.

"అయితే ఏం చేయాలి ఆంటీ?"

"ఆ ఎర్ర గీత దాటించు. మంచు తోసే బండి ముందు చప్పుడుగా వస్తుంది, తర్వాత లైటుగా వస్తుంది. బండి మొత్తం కనబడేసరికి ఆ పిల్ల కిటికీ దగ్గర ఎగురుతూ ఉండాలి."

"కట్ అయిపోతుందేమో కదా!"

"కానియ్. నీ యాప్ గీత చూపిస్తుంది. దాన్ని ఎప్పుడు దాటాలో నువ్వే చూసుకోవాలి."

నా పుస్తకాలున్న అర వెతికింది. బుద్ధిమంతుడి పుస్తకం ముందు దొరికింది. తెరిస్తే పేజీలు చిటపటలాడాయి. కొత్తగా ఉంది, నిన్న కొన్నట్టు. దాని పక్కన గట్టి నీలం గుడ్డ అట్టతో ఇంకోటి ఉంది. స్నేహ అది తీసి, తిప్పి, కంగారుపడింది.

"ఆంటీ, ఇది మీ మేక బుక్కే! మొత్తం స్పాయిల్ చేశారు. చూడండి, మధ్యలో కుట్టేశారు, మేక సగం మడతలోకి పోయింది. కౌంటర్‌లో చెప్పి కొత్త కాపీ ఆర్డర్ చేయిద్దామా?"

చేతిలోకి తీసుకున్నాను. వెడల్పు అర అంగుళం దాకా తగ్గింది. స్కేలు అక్కర్లేదు, నా వేళ్లకు ఆ కొలత బాగా తెలుసు. పేజీల మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. హాజరు పట్టీ ఉన్న పేజీ మీద ఎవరిదో జామ్ అంటిన వేలిముద్ర.

"వద్దు," అన్నాను.

"కానీ ఆంటీ..."

"వద్దమ్మా. అక్కడ పెట్టేయ్."

పెట్టి మేమింకా అక్కడ ఉండగానే ఒక చిన్నపిల్ల వచ్చింది, నాలుగైదేళ్లు ఉంటాయి, రెండు పిలకలు, ఒక కాలికే మేజోడు. నీలం అట్ట పుస్తకం లాగి నేల మీద కూర్చుని తెరిచింది. ముక్కు దగ్గర ఆగలేదు, కొమ్ము దగ్గర ఆగలేదు. మేక మడతలోకి దూరిపోయిన పేజీ దగ్గర ఆగింది. వెనక కాళ్లు మాత్రమే బయట ఉన్నాయి. పిల్ల వంగి మడతలోకి ఒక కన్ను పెట్టి చూసింది. రెండు చేతులతో పేజీలు విడదీసి లాగింది. కుట్టు గట్టిది, రాలేదు. లేచి నిలబడి, పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని బలంగా దులిపింది.

మేక పడలేదు.

స్నేహ నా చెయ్యి పట్టుకుంది. పిల్ల మళ్లీ కూర్చుని అదే పేజీ ఒళ్లో పెట్టుకుంది. నేను మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా వంగాను, పేజీ తిప్పు అని చెబుదామని.

అప్పటికే తిప్పేసింది.